ఖాళీ నేల మీద నలభై మూడు చుక్కలు

చాందిని రోజూ బిషాన్‌లో రైలెక్కి, దిగి బస్సు మారి, చాంగీ బిజినెస్ పార్క్‌లో నాలుగో అంతస్తుకు చేరేసరికి ఎనిమిదిన్నర అయ్యేది. ముందు కంప్యూటర్ ఆన్ చేసేది. తర్వాత పాత పటాల్లో రెండొందల పధ్నాలుగో షీటు ఉన్న బల్ల వైపు టేబుల్ ఫ్యాను తిప్పి పెట్టేది. లేకపోతే పన్నెండింటికి షీటులోంచి వంటపొగ లేచి ఫైర్ అలారం మోగుతుంది. ఒకసారి మోగింది కూడా. మూడొందలమంది దిగివచ్చి ఎండలో నిలబడ్డారు. ఒక్కరూ పొగ గురించి అడగలేదు, లిఫ్టు ఎందుకు ఆపారని తిట్టుకున్నారు, అంతే. ఆ బల్ల పక్క కుర్చీకి మాత్రం గిరాకీ ఎక్కువ. అకౌంట్స్‌లో పనిచేసే చీనా అమ్మాయి పదకొండున్నరకే టిష్యూ ప్యాకెట్ పెట్టి దాన్ని ‘చోప్’ చేసేది, అంటే తనదని ముందే పట్టుకునేది. ఎండుచేపల పులుసు వాసనకి వట్టి అన్నమైనా దిగుతుందని ఆమె నమ్మకం.

వైటూకే గండం గడిచిన ఏడాది అది. అమీర్‌పేటలో ఆర్నెల్ల కోర్సు చేసినవాళ్ళు కూడా విమానం ఎక్కేవారు. ఏ పని దొరికితే అది పట్టుకునే ఆ చిన్న కంపెనీకి, వాల్‌గ్రేవ్ దొర గీసిన మూడొందల పది పటాలను స్కాన్ చేసే పని దొరికింది. ఆయన వృత్తి జీవితం మీద పెద్ద ప్రదర్శన పెడుతున్నారు. దాని పేరు ‘ఖాళీ నేల మీద నగరం’.

దొర సంగతి చెప్పాలి. లండన్‌లో చదివాడు. బాంబులు పడ్డ ఊళ్ళని మళ్ళీ గీశాడు. నలభై తొమ్మిదిలో ఈ దీవిలో ఓడ దిగి రోడ్లు, మార్కెట్లు, క్వార్టర్లు, చివరికి ఒక టౌనంతా గీశాడు. తర్వాత పతకాలు, ఉపన్యాసాలు. అబద్ధం ఎందుకు, చెయ్యి మంచిదే. కిటికీ ఎక్కడ పెడితే గాలి ఆడుతుందో తెలిసినవాడు. ఆ కిటికీ దగ్గర అంతకుముందు ఎవరు కూర్చునేవారో మాత్రం ఎన్నడూ అడగలేదు.

పాత చేతిరాతలు చదివిపెట్టడానికి కంపెనీ పైడిరాజుని రోజుకూలికి పిలిచింది. డెబ్భై నాలుగేళ్ళవాడు. తాత విశాఖ నుంచి వచ్చినవాడు. పైడిరాజు పుట్టుక, పెరుగుదల అంతా ఇక్కడే. దొర కాగితం మీద గీస్తే, దాని మీద ట్రేసింగ్ గుడ్డ పరిచి ఇంకుతో ఎత్తిరాసినవాడు ఇతనే. ఆ గుడ్డ ఎంత మంచిదో ఈ కాలంవాళ్ళకి తెలియదు. పనికిరాని ముక్కల్ని గంజి పోయేదాకా నానబెట్టి ఉతికితే పసిపిల్లల జుబ్బాలకి మల్లెపువ్వులాంటి బట్ట వచ్చేది. దొర గీతలన్నీ నీళ్ళల్లో పోయేవి. పైడిరాజు తమ్ముళ్ళ పిల్లలందరూ ఆ జుబ్బాల్లోనే పెరిగారు.

వాళ్ళు పెరిగిన కంపోంగ్‌లో, అంటే వాగొడ్డు పల్లెలో, నలభై మూడు ఇళ్ళు. యాభై ఎనిమిదిలో ఒక పొద్దున, పైడిరాజు బల్ల మీదికి రెండొందల పధ్నాలుగో పటం వచ్చింది. వాగు ఉంది, కొబ్బరిచెట్లు ఉన్నాయి, ఇళ్ళు లేవు. ఇళ్ళుండాల్సిన చోట తెల్లగా వదిలి ‘ఖాళీ’ అని రాసి ఉంది. దాని మీదుగా రోడ్డు.

పైడిరాజు పటం మీద గుడ్డ పరిచాడు. గుడ్డ మీద అంతా ఎత్తిరాసి, ఆఖర్న కలం మొనతో ఇంటికొక చుక్క పెట్టాడు. పదిహేడో చుక్క వాళ్ళమ్మ సూరమ్మ పొయ్యి. మూలనున్న గడుల్లో ‘ట్రేస్ చేసినది’ దగ్గర తన పొడి అక్షరాలు వేశాడు. ‘గీసినది’, ‘సరిచూసినది’ దగ్గర దొర తనవి వేశాడు. సరిచూడలేదు, వేశాడంతే.

ఇళ్ళు పోయాయి. పరిహారం అడిగితే, పటంలో లేని ఇళ్ళు పోవడమేమిటి అన్నారు. సూరమ్మ కొత్త ఫ్లాటులో గ్యాసు పొయ్యి ముందు మూడు నెలలు కూర్చుని, ‘ఇది నా పొయ్యి కాదురా’ అంటూనే పోయింది. గుడ్డ మీద పదిహేడో చుక్క మాత్రం రోజూ పన్నెండింటికి పొగ వదులుతూనే ఉంది.

ప్రదర్శనకి వారం ఉందనగా, పొగలు లేచే వేళకి, చాందినితో పనిచేసే వరుణ్ స్కానుల్లో దుమ్ము తీసే ప్రోగ్రామ్ నడిపాడు. చిన్న మచ్చల్ని అదే వెతికి చెరిపేస్తుంది. తెర మీద ఐదు చుక్కలు పోయాయో లేదో, గుడ్డ మీదా ఐదు పొగలు ఆగిపోయాయి.

“అమ్మీ!” పైడిరాజు కేకేశాడు. “ఆ వాగొడ్డు ఇళ్ళల్లో ఎవులుండీవోరు? నోటికి రాటం లేదు!”

చాందిని వరుణ్ చేతిలోంచి మౌస్ లాక్కుని చుక్కల్ని వెనక్కి తెచ్చింది.

“మారయ్య. తారాదేవి. భద్రయ్య కొట్టం...” పైడిరాజు ఒక్కొక్క పేరూ తడుముకుని కుర్చీలో కూలబడ్డాడు.

“సారీ అంకుల్,” అన్నాడు వరుణ్. “దుమ్మనుకున్న.”

“నువ్వొక్కడివే కాదులే నాయనా, అనుకున్నది.”

ఆ గుడ్డ తీరు అందరికీ అర్థమైంది. దాని మీద చెరిగింది ఎక్కడా మిగలదు. అందరూ తలూపి టీకి వెళ్ళారు.

శుక్రవారం పన్నెండుకి పావుగంట ముందు వాల్‌గ్రేవ్ దొర వచ్చాడు. ఎనభై దాటినా నిటారుగా ఉన్నాడు. వెంట ప్రదర్శన నడిపే సంస్థ నుంచి మిస్ కో. దొర రెండొందల పధ్నాలుగో షీటు మీద వంగాడు. ద్వారం దగ్గర నిలువెత్తున పెట్టబోయేది అదే.

“ఏమిటీ మురికి?” అన్నాడు ఇంగ్లీషులో. “ఇక్కడ ఏమీ లేదు. శుభ్రం చేయండి.”

“నలభై మూడు ఇళ్ళు దొరా,” అన్నాడు పైడిరాజు, అతనూ ఇంగ్లీషులోనే. “పదిహేడోది మా అమ్మది.”

దొర అతన్ని గుర్తుపట్టలేదు. తొమ్మిదేళ్ళు ఒకే గదిలో పనిచేసినవాణ్ణి. “ట్రేసర్ పని ఎత్తిరాయడం, కలపడం కాదు. ఇది నా పటం.”

కోపం ముదిరితే పైడిరాజు నోటికి గంజి పెట్టినట్టవుతుంది. చాందిని గడుల మీద వేలు పెట్టింది.

“మేడమ్, కాంట్రాక్టులో ఉంది. సరిచూసి సంతకం చేసిన పటంలో ఏదీ మార్చకూడదు. సార్ సంతకం చేశారు.”

మిస్ కో కళ్ళజోడు సర్దుకుంది. “అవును సార్. మీరు సరిచూశారు. కాంట్ చేంజ్ లా.”

దొర మొహం కందగడ్డ అయింది. “అయితే నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. అప్పుడు అది సరిచూడని పటం. నా ఇష్టం వచ్చినట్టు దిద్దుకుంటాను. బ్లేడు ఇవ్వండి.”

గుడ్డ మీద ఇంకు తీయాలంటే బ్లేడే. ఏటవాలుగా, నేత తెగకుండా గీకాలి. పైడిరాజు చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు.

“నలభై రెండేళ్ళుగా నా దగ్గరే ఉంది. ఒక్క చుక్క మీద పెట్టలేదు. ఆలోచించుకో దొరా.”

దొర ఆలోచించలేదు. గీకాడు. చెయ్యి మంచిదని ముందే చెప్పాను కదా, నేత తెగలేదు. గోటితో రుద్ది, ఊదాడు. ‘సరిచూసినది’ గడి తెల్లబడింది. పక్కనున్న ‘గీసినది’ గడీ దానంతటదే తెల్లబడింది. వెనక అరల్లో మూడొందల తొమ్మిది షీట్లు ఎండుటాకుల్లా ఒక్కసారి గలగలమన్నాయి. గోడకి ఆనించిన ప్రదర్శన బోర్డు మీద దొర పేరున్నచోట వట్టి బోర్డే మిగిలింది.

మిస్ కో చేతిలోని జాబితా చూసుకుంది. తలెత్తి ఎదురుగా ఉన్న ముసలాయన్ని చూసింది.

“సారీ అంకుల్, మీరు ఎవరి కోసం వచ్చారు?”

“నేను... ఇది నా...” ఆయన గడుల కేసి చూశాడు.

“ఈ షీటు మీద ఒక్క సంతకమే ఉంది,” అని మిస్ కో ఇటు తిరిగింది. “మిస్టర్ పైడిరాజు, ఈ చుక్కలు ఉండాలా?”

“ఉండాల,” అన్నాడు పైడిరాజు.

ఆమె రాసుకుంది. పన్నెండయింది. నలభై మూడు పొగలు లేచాయి. చీనా అమ్మాయి డబ్బా తెచ్చుకుని, తన కుర్చీకి అడ్డుగా నిలబడ్డ తెల్లాయన్ని జరగమంది. ఆయన జరిగాడు. అక్కడ వరుణ్ లేచి వెళ్తూ జరగమన్నాడు. మళ్ళీ జరిగాడు.

“నేనెక్కడ నిలబడాలి?” అన్నాడు చివరికి, ఎవరితోనూ కాదు.

పైడిరాజు ఆయన్ని తేరిపార చూశాడు. పేరు ఎంత వెతికినా దొరకలేదు. ఎక్కడ చూశాడో తెలియలేదు. కోపం మాత్రం ఉంది, ఇంకు ఆరనట్టు.

“ఖాళీ నేలేగా దొరా,” అన్నాడు. “ఎక్కడైనా నిలబడు.”