నేపర్‌విల్ దొరవారి దర్యాప్తు

డాక్టర్ హరనాథ్ తాతగారు కృష్ణా జిల్లాలో ఏదో జమీందారీలో గుమాస్తా. మనవడు చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఇల్లు కొనేసరికి ఆ గుమాస్తాయే జమీందారైపోయాడు. 1982లో ఆయనదీ నాదీ ఒకే ఆస్పత్రి కాబట్టి ఆయన పార్టీలకి నేనూ మావారూ వెళ్ళక తప్పేది కాదు. వెళ్ళినవాళ్ళందరి చేతా నాటకం ఆడించేవాడు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఇంగ్లండు, ఒక పెద్ద బంగళా, అందులో ఒక నేరం. దొంగని పట్టే ప్రభువు వేషం ఎప్పుడూ ఆయనదే. వెలిగించని పైపు నోట్లో పెట్టుకుని, ఇంగ్లీషంతా ముక్కుతో మాట్లాడేవాడు.

పనిమనిషి వేషం ఎప్పుడూ జయంతిది. ఆయన భార్య నళినికి పిన్ని కూతురు. కాలేజీలో చదువుకుంటూ వాళ్ళింట్లోనే ఉండేది. వేషం తీసేశాక కూడా వంటా, గిన్నెలూ ఆ పిల్లవే. ఈ దేశంలో తలదాచుకోవడానికి ఆమెకి ఆ ఇల్లు తప్ప ఇంకోటి లేదు.

ఆ శనివారం నాటకం అయిపోయాక నళిని పాలిపోయిన మొహంతో వంటింట్లోంచి వచ్చింది. దొంగల భయానికి బంగారం ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో దాచడం మా ఆడవాళ్ళందరికీ అలవాటే. గాజులు తీసి దాచబోతే రవ్వల నెక్లెస్ ఉన్న డబ్బా కనపడలేదట.

దొరవారి కళ్ళు మెరిశాయి. భార్య నగ పోయిందన్న దిగులు ఆ మొహంలో మచ్చుకైనా లేదు.

“ఎవరూ కదలొద్దు. దిస్ ఈజ్ నో లాంగర్ ఎ గేమ్,” అన్నాడు. అందర్నీ ఫైర్‌ప్లేస్ చుట్టూ కూర్చోబెట్టాడు. “వంటింట్లో రోజంతా ఉండేదెవరు? డబ్బా సంగతి తెలిసిందెవరికి?”

పైపు జయంతి వైపు తిరిగింది.

“నేను తియ్యలేదు బావగారూ.”

“అందరూ మొదట అదే అంటారు. సూట్‌కేస్ పట్రా.”

ఆ పిల్ల బట్టలన్నీ, లోపలివాటితో సహా, మగవాళ్ళ ముందు కార్పెట్ మీద కుమ్మరించి పైపుతో కెలికాడు.

“హరనాథ్ గారూ, ఇక ఆపండి,” అన్నాను.

“మీరు కూర్చోండి రాధారాణిగారూ. రేపట్నించి ఈమెని ఏ తెలుగువాళ్ళూ గడప తొక్కనివ్వరు.”

అంతలో ఫోన్ మోగింది. నళిని తీసి, విని, మొగుడి వైపు చూస్తూ పెట్టేసింది.

“ఫోన్ యోగానంద్ గారిది. ఇంట్లో బేబీసిటర్ వెళ్ళిపోవాలందని ఇందాక పార్టీలోంచి తొందరగా బయల్దేరారు కదా. గోంగూర పప్పని చెప్పి మీరే ఫ్రీజర్‌లోంచి డబ్బా తీసి చేతికిచ్చారట. ఇంటికెళ్ళి మూత తీస్తే నెక్లెస్ ఉందట.”

మా ఇళ్ళల్లో అతిథిని ఉత్త చేతుల్తో పంపరు. కూరలూ పప్పులూ పెట్టిచ్చేవీ ఐస్‌క్రీమ్ డబ్బాలే. వంటిల్లు ఏ దిక్కున ఉందో తెలియని మనిషి ఆ రోజే ఉదారంగా డబ్బా దానం చేశాడు.

హరనాథ్ పైపు కొరికి, నవ్వాడు.

“అందరూ నమ్మేశారే. నాకు ముందే తెలుసు. ఇది నాటకంలో లాస్ట్ సీన్.”

శ్యామ్‌సుందర్ అనే భజనపరుడు చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్ళూ కొట్టారు, సిగ్గులేకుండా.

“జయంతీ, అందరికీ టీ పెట్టు.”

ఆ పిల్ల నేలమీది బట్టలు ఒక్కొక్కటీ మడిచి సూట్‌కేస్‌లో పెట్టుకుని, నా వైపు తిరిగింది.

“అక్కా, మీ కార్‌లో చోటుందా?”

“ఇంట్లో కూడా ఉంది. పద,” అన్నాను.

మేం గుమ్మం దాటుతుంటే వెనక దొరవారి గొంతు వినపడింది. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు.

“నెక్లెస్ దొరికింది కదా. మరి ఈ పిల్ల ఎందుకు వెళ్ళిపోతోంది?” అని ఒక్కొక్కర్నీ అడుగుతున్నాడు.