వరద నీళ్లు తాగిన బండి

ధనశేఖర్ స్థలాల బేరగాడు. శ్రీ సిటీ పక్కన ప్లాట్లు చూడడానికి చెన్నై నుంచి వచ్చేవాళ్లను చిన్న కారులో తిప్పితే ఒక ధర, జర్మనీ కారులో తిప్పితే ఇంకో ధర పలుకుతుందని అతని అనుభవం. అందుకే రెండేళ్ల కిందట, భార్య లోకేశ్వరి అన్న జయచంద్ర చెన్నైలో వాడుతున్న నల్ల కారు అమ్ముతానంటే బేరమైనా ఆడకుండా అడ్వాన్సు ఇచ్చేశాడు.

ఇచ్చాక, తిరుపతిలో మెకానిక్ షెడ్డు నడిపే వలి బాషాకు చూపించాడు. ఇద్దరిదీ ఇరవై ఏళ్ల స్నేహం. బాషా లైటు పట్టుకుని సీట్ల కిందికి దూరి చాలాసేపు చూసి, "తీసుకోన్నా" అన్నాడు.

ఇప్పుడు కారుకు తొమ్మిదేళ్లు. దానితోపాటు వచ్చిన వారంటీ నెలాఖరుకు ముగుస్తుంది. ఇంకో రెండేళ్లు పొడిగించాలంటే లక్షా డెబ్బై వేలు. లోకేశ్వరి వద్దంది. "ఇన్నాళ్లలో ఏం సెడిపోయింది దాంట్లో? ఆ దుడ్డు వాళ్లకెందుకు పొయ్యాల?"

ఎటూ తేల్చుకోలేక ధనశేఖర్ మళ్లీ బాషానే అడిగాడు.

"కట్టేయన్నా. ఆలోచన పెట్టుకోవద్దు" అన్నాడు బాషా, చేతిలో పని మీంచి తల ఎత్తకుండా.

కట్టే ముందు కారును పరీక్షించాలని కంపెనీ షరతు. చెన్నై సర్వీసు సెంటరులో మెకానిక్ ముందరి సీట్లు ఊడదీసి, కింద పరిచిన కార్పెట్ పైకెత్తి చూపించాడు. సీటు పట్టాలు తుప్పుపట్టి ఉన్నాయి. వైర్ల కట్టల మధ్య ఎండిన ఒండ్రు.

"వరదలో మునిగిన బండి సార్. దీనికి వారంటీ రాదు."

బావ కారు అమ్మింది చెన్నైలో వరదలొచ్చిన మూడో నెలలో. ఆ సంగతి ధనశేఖర్‌కు తిరుగుదారిలో తట్టింది. నేరుగా షెడ్డుకు పోయాడు.

"నీకు తెలుసు గదా?"

బాషా చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "తెలుసన్నా. నువ్వు బండి తెచ్చే ముందురోజే మీ బావ ఫోన్ చేసినాడు. నువ్వు నోరిప్పితే నా చెల్లెలి కాపరంలో నిప్పులు పోసినట్టే అన్నాడు. నాకు నోరు రాలా."

"ఎంత ఇచ్చినాడు?"

బాషా ముఖం మాడిపోయింది. "రూపాయి తీసుకోలా."

ధనశేఖర్ కారు అమ్మకానికి పెట్టాడు. పది రోజులకు చంద్రగిరిలో కల్యాణమండపం నడిపే బాలచంద్ర కొంటానని వచ్చాడు. పెళ్లికొడుకుల ఊరేగింపుకు పనికొస్తుందని ఆయన ఆశ. వలి బాషా మంచిదంటే కళ్లు మూసుకుని తీసుకుంటానన్నాడు. ధనశేఖర్ ముందుగానే షెడ్డుకు వెళ్లి, "నాకేం సెప్పినావో ఆయనకీ అదే సెప్పు. అంతే నేనడిగేది" అన్నాడు.

బాలచంద్ర వచ్చి అడిగినప్పుడు బాషా నేలచూపులు చూస్తూ, "నీళ్లలో మునిగిన బండి సామీ, వద్దు" అన్నాడు. బాలచంద్ర ధనశేఖర్ వైపు చూడను కూడా చూడకుండా వెళ్లిపోయాడు.

"నా దగ్గర దాచినావు. దారినపొయ్యేవాడికి నిజం సెప్తావా?"

"నీ దగ్గర దాచి రెండేండ్లు నిద్ర సెడగొట్టుకున్నాను. ఇంకొకరి దగ్గర దాయడం నా వల్ల కాదన్నా."

ధనశేఖర్ మళ్లీ ఆ షెడ్డు గడప తొక్కలేదు. పైగా, బాషా అమ్మేవాళ్ల దగ్గర కమీషన్ తిని బండ్లు అంటగడతాడని తోటి బేరగాళ్లకు చెప్పాడు. ఇరవై ఏళ్ల స్నేహితుడే చెబుతుంటే ఎవరు నమ్మరు? ఆరు నెలలు తిరక్కుండా షెడ్డు సగం ఖాళీ అయింది.

జయచంద్రను మాత్రం ఒక్క మాట అనలేదు. లోకేశ్వరికీ చెప్పలేదు. కంపెనీవాళ్లు మరీ ఎక్కువ అడిగారు, అందుకే కట్టలేదన్నాడు. తన మాట నెగ్గిందని ఆమె సంతోషించింది.

సూళ్లూరుపేటలో బావ కూతురు స్రవంతి పెళ్లికి భార్యాభర్తలిద్దరూ ఆ కారులోనే వెళ్లారు. జయచంద్ర ఎదురొచ్చి కౌగిలించుకుని, పంక్తిలో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వద్దంటున్నా విస్తట్లో ఇంకో పూర్ణం ఓళిగ వేయించాడు. ధనశేఖర్ దాని మీద నెయ్యి పోయించుకుని తిన్నాడు.