పది నుంచి పదకొండు దాకా

"గొడవ అయిపోయిందట!"

కుళాయి దగ్గర బిందె దించుతూ అత్తగారు చేసిన ప్రకటన అది. ఆవిడ ఎడమ చెవి పనిలోంచి దిగిపోయి నాలుగేళ్ళయింది. కుడి చెవి బుద్ధిపుడితే వింటుంది. నోటికి మాత్రం ఏనాడూ సెలవు లేదు. క్షణంలో ఆ కబురు మూడంతస్తులూ ఎక్కేసింది. వారం నుంచి ఇస్త్రీ మామకీ ఇంటి గుమాస్తాకీ నడుస్తున్న గొడవ చల్లారిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆవిడ కోడలు కాజాలక్క మెట్లు దిగి వచ్చింది. చొక్కాలకు కాజాలు కుట్టీ కుట్టీ అసలు పేరు ఊడిపోయిన మనిషి. కుళాయి దగ్గర నవ్వులు. మామ గది ముందు నవ్వుల్లేవు. మామ పరుపు, చెప్పులు, ఇస్త్రీపెట్టె వరండాలో పడున్నాయి. పెట్టె ఇంకా వెచ్చగానే ఉంది. తలుపుకి గుమాస్తా కొత్త తాళం వేస్తున్నాడు.

"గడువు అయిపోయింది మామా. పదకొండు నెలల అగ్రిమెంటు. ఇంకా ఉంటానని నెల ముందు రాసిచ్చావా?"

"మూడుసార్లు నోటితో చెప్పాను కదయ్యా!"

"నోటితో చెప్తే నోటీసు కాదు. కాయితం ఇవ్వకపోతే ఖాళీ చేస్తానన్నట్టే. కింద సంతకం నీదే, చూసుకో."

కాజాలక్కకి గుండె జారి చీర కుచ్చిళ్ళలో పడింది. పైకి పరుగెత్తి ట్రంకుపెట్టె అడుగునుంచి తన అగ్రిమెంటు లాగింది. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. నెల ముందంటే రేపే. రేపు దాటితే ఈ గది, ఈ గోడకున్న అద్దం, అత్తగారు, తనూ, అందరూ వరండాలోనే.

కాయితం ఇవ్వాలంటే మనిషే స్వయంగా రావాలి. గుమాస్తా కిటికీ తెరిచేది పది నుంచి పదకొండు దాకా. ఆ వేళకి వీళ్ళంతా పక్కనున్న కుట్టుమిల్లులో, గేటు వెనకాల ఉంటారు. మిషన్ వదిలితే మిషన్ పోతుంది. ఇల్లూ యజమానిదే, మిల్లూ యజమానిదే. ఒక చేత్తో గేటు మూసి, ఇంకో చేత్తో కిటికీ తెరుస్తాడాయన. కుట్టేది మనం, కుట్ర ఆయనది.

సాయంత్రం మెట్ల మీద అందరూ చేరారు. ఇరవై ఆరు గదులు, ఇరవై ఆరు భయాలు.

"మామ గడువు పోయింది, మనకేం? నాకింకా ఆరు నెలలుంది" అంది కాలర్లు కుట్టే ఆవిడ.

"ఆరు నెలల తరవాత నువ్వూ ఒక్కదానివే ఏడుస్తావమ్మా" అన్నాడు కటింగ్ మాస్టరు. అగ్రిమెంటు చదవగలిగేది ఆయనొక్కడే. "మన గడువులు ఒకే నెలలో పెట్టలేదు చూశావా? ఒక్కొక్కళ్ళనీ విడివిడిగా కత్తిరించడానికే. కత్తెర పట్టేవాణ్ణి, నాకు తెలీదా? నెల ముందు ఇవ్వాలన్నాడు గాని, ఆరు నెలల ముందు ఇవ్వకూడదన్లేదుగా. రేపు పదింటికి అందరం ఇద్దాం."

"మిషన్లు?"

"ఆపేద్దాం."

పై అంతస్తులో ఎవరిదో తలుపు మెల్లిగా మూసుకుంది.

మాస్టరు చెబుతుంటే ఒక్కొక్కరే రాశారు. రాయలేనివాళ్ళు వేలిముద్రలేశారు. కాయితాలన్నీ కాజాలక్క ఒళ్ళో చేరాయి. ఆవిడ ఉన్నట్టుండి సూది తీసి, ఇరవై ఆరు కాయితాలూ కలిపి అంచు పొడుగునా కుట్టడం మొదలుపెట్టింది. దగ్గర దగ్గర కుట్లు, రెండు పేటల దారం.

"ఇదేం పనే!" అన్నాడు ఇస్త్రీ మామ.

"నా పిరికితనం నాకు తెలుసు మామా. విడిగా ఉంటే, రేపు వాడు కళ్ళెర్ర చేయగానే నాది నేను లాక్కుని పారిపోతాను."

మర్నాడు పది కొట్టగానే కటింగ్ మాస్టరు కత్తెర బల్లమీద పెట్టాడు. ఒక మిషన్ ఆగింది. చాలాసేపు అదొక్కటే. కాజాలక్క కాలు పెడల్ మీదే బిగుసుకుపోయింది. గది గుర్తొచ్చింది. లేచింది. ఆవిడ వెనకాల ఇంకొకటి, ఇంకొకటి. ఆ హాల్లో నిశ్శబ్దం వినడం అందరికీ అదే మొదటిసారి. మిషన్ల మోత కన్నా అదే ఎక్కువ భయపెట్టింది.

గేటు తోసుకుని వచ్చి కిటికీ ముందు నిలబడ్డ గుంపుని చూసి గుమాస్తా మొహం కాలని ఇటుకలా పాలిపోయింది. గబగబా ఫోన్ తిప్పాడు. ఏం విన్నాడో గాని, గోడ గడియారం కేసి చూసి నవ్వాడు. గంట గడిస్తే చాలు, కాజాలక్క గడువూ గల్లంతే. పెన్ను వెతికాడు. ముద్ర వెతికాడు. కళ్ళజోడు పెట్టుకునే కళ్ళజోడు వెతికాడు. పది నలభై. పది యాభై. వీధి చివర పోలీసు బండి కూత.

"కాజాలక్కా, నీకివాళే ఆఖరు కదా" అన్నాడు మెత్తగా. "నీ కాయితం విప్పి ఇవ్వు. నీకొక్కదానికీ ముద్ర వేసేస్తాను. గది నీదే."

ఆవిడకి ఆశ పుట్టింది. చెయ్యి దారం దాకా వెళ్ళింది కూడా. గోరుతో లాగి చూసింది. తన కుట్టు, రెండు పేటలు. కదల్లేదు.

"విప్పడం మాకు రాదండీ" అంది కాయితాల కట్ట చువ్వల్లోంచి లోపలికి తోస్తూ. "కుట్టడమే వచ్చు."

వెనకనుంచి నవ్వు పుట్టింది, అరుపైంది. "ముద్ర వెయ్! అన్నిటికీ వెయ్!" ఇరవై ఆరు గొంతులు, కిటికీ చువ్వల మీద యాభై చేతులు. పది యాభై ఎనిమిదికి గుమాస్తా ముద్ర వేశాడు, కాయితం తర్వాత కాయితం. మామ కాయితం మీద మాత్రం వెయ్యలేదు.

తిరిగి వచ్చేసరికి మిల్లు గేటుకి తాళం. "మిషన్ వదిలినవాళ్ళకి లోపల చోటు లేదు" అన్నాడు కాపలావాడు నేల చూస్తూ. పోలీసు బండి ఎదురుగా ఆగింది. కాజాలక్క కాళ్ళలో శక్తి పోయి గేటు ముందే కూలబడింది. ధైర్యంగా కూర్చుందనుకుని మిగతావాళ్ళూ కూర్చున్నారు. వాళ్ళంతా కూర్చోవడం చూశాక ఆవిడకి నిజంగానే కాస్త ధైర్యం వచ్చింది.

అంతలో అత్తగారు కర్ర తాటించుకుంటూ వచ్చింది. "ఏమిటే ఈ జనం? గొడవ అయిపోయిందిగా!"

కాజాలక్క లేచి ఆవిడ కుడి చెవి దగ్గర, వీధంతా వినేలా అరిచింది. "అత్తయ్యా! గుమాస్తా నిన్న గొడవ అయిపోయిందన్లేదు. గడువు అయిపోయిందన్నాడు. మామ గడువు! అందుకే తాళం వేశాడు!"

"అదా నువ్వు మోసుకొచ్చిన కబురు! నిన్న కుళాయి దగ్గర నేను నవ్వాను కూడానే" అని కాలర్లు కుట్టే ఆవిడ తల పట్టుకుంది.

అత్తగారు గేటు తాళం చూసింది. బండి దిగుతున్న లాఠీలు చూసింది.

"అయితే గొడవ అయిపోలేదన్నమాట."

"లేదత్తయ్యా."

"మరి జరగవే, నాకూ కాస్త చోటివ్వు" అని ముందు వరసలో చతికిలబడి, కర్రని ఒడిలో అడ్డంగా పెట్టుకుంది.