పిలవకుండా తెచ్చిన నీళ్లు

బల్లలు తుడిచి, కుండ నింపి, సూపరింటెండెంటు గది ముందు స్టూలు మీద సిద్దమ్మ కూలబడేసరికి పదిన్నర. నారాయణఖేడ్‌లోని ఆ సర్కారు ఆఫీసులో ముప్పై ఏళ్లుగా ఆమె అటెండరు. పొట్టి మనిషి, అరిగిన మోకాళ్లు, చెవులకు బరువైన కమ్మలు. సాయంత్రం రిటైరవుతోంది. ఎవరైనా ఆ మాటెత్తితే, "ఇగ మీ చాయ్ మీరే తెచ్చుకోండ్రి" అని నవ్వుతోంది.

నవ్వనిది భాగ్య ఒక్కతే. కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేసే పిల్ల. సూపరింటెండెంటు సుధాకర్ గదిలోకి పిలిచి, తలుపు మూసి, చెయ్యి పట్టుకుంటున్నాడని ఫిర్యాదు ఇచ్చింది. విచారణకు సంగారెడ్డి నుంచి శ్రీవాణి మేడం వచ్చింది. సాక్షి లేకపోతే ఫిర్యాదు ఇవాళే మూతపడుతుంది, పిల్ల కొలువూ పోతుంది. పొద్దుటి నుంచి ఆఫీసంతా ఒకటే పాట: "మేం సూడలే మేడం." అబ్బ, ఏం కళ్లో! భాగ్య ఒంటరిగా తన గదికే రాలేదని సుధాకర్ దర్జాగా రాసిచ్చాడు.

సిద్దమ్మ వంతు వచ్చింది. సంచిలోంచి మూడు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది.

"నాకు సదువు రాదు మేడం. గీ మెమోలు సారే ఇచ్చిండు. జవాబియ్యమన్నడు, ఇయ్యలే. ఇయ్యాల పోతున్న గదా, చెప్పి పోత."

శ్రీవాణి పైకి చదివింది. 'కుమారి భాగ్యకు నా గదిలో పని వివరిస్తుండగా, మూసి ఉన్న తలుపు తోసుకుని, పిలవకుండా నీళ్లు తెచ్చినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.' తేదీ, సమయం, సుధాకర్ సంతకం. మూడింటిలోనూ అదే నేరం. సర్కారు మనిషికి కోపం కూడా కాగితం మీదే వస్తుంది మరి.

"ఎందుకు వెళ్లావమ్మా?"

"ఒకనాడు చాయ్ తీస్కపోతే, పిల్ల చెయ్యి గుంజుకుంటుంటే గీ కండ్లతోని చూసిన. అప్పటిసంది తలుపు పడితే పాణం ఊకోకపోయేది. చేతిల గ్లాసుంటే ఎవరేమంటరు?" గొంతు తగ్గింది. "మొగడు పోయి నేను కొలువుల చేరిన కొత్తల, నాకెవరూ నీళ్లు తేలే మేడం. గదే నా జవాబు, రాస్కోండ్రి."

ఎదుటి కుర్చీలో సుధాకర్ రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. సిద్దమ్మ లేచి వెళ్లి ఆయనకో గ్లాసు మంచినీళ్లు తెచ్చి పెట్టింది, పిలవకుండానే. శ్రీవాణి నవ్వాపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

విచారణ ముగిసేదాకా సుధాకర్ ఆఫీసుకు రాకూడదని నాలుగింటికి ఉత్తర్వు వచ్చింది. అప్పుడిక ఒక్కొక్కరికీ చూసినవన్నీ గుర్తురావడం మొదలైంది.

ఐదింటికి సిద్దమ్మకు దండ వేశారు, ఆకుపచ్చ శాలువా కప్పారు. భాగ్య ఆమెను వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏడుస్తవేందే పిచ్చిదానా, పోయేది నేను గదా!"

అందరి బల్లలూ మరోసారి చూసి వచ్చి, దండ మెడలోనే ఉంచుకుని ఆమె తన ఊరు కల్హేర్ వెళ్లే ఆటో ఎక్కింది.

మర్నాడు భాగ్య బెరుకు లేకుండా ఆఫీసుకు వచ్చింది. కంప్యూటర్ గదిలో ఏసీ గాలి నేరుగా తగిలే తన కుర్చీ వీపు మీద, ఆకుపచ్చ శాలువా నిండుగా కప్పి ఉంది.