తెర వెనక నుంచి రాణి

బొమ్మలు గీసే అమ్మాయి చేసుకొచ్చిన ఘనకార్యం చూసి నాటక సమాజం డైరెక్టరుగారు నెత్తి పట్టుకున్నారు. పాత నాటకాన్ని మళ్ళీ వేస్తున్నారు, హాలు గోడకి తగిలించడానికి తీర్పు సీను గీసి తెమ్మన్నారు. రాణి కన్నకొడుక్కే మరణశిక్ష వేసే సీను. నీటిరంగుల్లో ముచ్చటగానే గీసింది. కాకపోతే రాణికి మొహం లేదు, వీపుంది!

"ఇదేంటమ్మా? జనం టికెట్టు కొనుక్కుని వీపు చూస్తారా?"

అమ్మాయి నాలుక కరుచుకుంది. ఆ నాటకాన్ని తనెప్పుడు కుర్చీలో కూర్చుని చూసింది గనక! తల్లి లేని పిల్లని, రాణి వేషం వేసే పిన్నే పెంచింది. వెనక తెర సందులోంచి చూస్తూ పెరిగింది. దిద్దుదామంటే నీటిరంగు ఒకసారి కాగితం తాగిందంటే ఇక అంతే సంగతులు.

అసలు దిగులు బొమ్మ గురించి కాదు. గొంతు ఆపరేషనయ్యాక పిన్ని హాలు మొహం చూడలేదు. కొత్త రాణి రాయిలా నిలబడుతోంది, కాస్త నేర్పమని డైరెక్టరుగారు ఎంత బతిమాలినా, "గొంతే పోయింది, నా దగ్గరింకేముంది నేర్పడానికి?" అని తలుపేసుకుంది. ఈ బొమ్మ చూసైనా కదులుతుందని అమ్మాయి ఆశ. ఇప్పుడు చూపించాలంటేనే భయం. అయినా తీసుకెళ్ళింది.

పిన్ని కూరగాయలు తరుగుతూ ఓరకంట చూసింది. "నా మొహమేదే, తింగరిదానా?" అంది బొంగురుగా. అంతలోనే కత్తి పక్కన పెట్టేసింది. "ఈ చెయ్యి... నీకెలా తెలుసు?"

"రోజూ కనపడేదిగా పిన్నీ. 'తీసుకుపొండి' అని హాలంతా దద్దరిల్లేలా అరిచేదానివి. నీ చెయ్యేమో కొడుకు వైపు పోబోయేది. వీపు వెనక రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకునేదానివి."

పిన్ని బొమ్మని దగ్గరికి లాక్కుంది. ఆ చేతిని ఎవరూ చూడలేదనుకుంది ఇన్నేళ్ళూ. చప్పట్లన్నీ గొంతుకేననుకుంది పిచ్చి తల్లి. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"బొమ్మ మీద పడతాయి, తియ్యవే!" అని కసిరి, లేచి చెప్పులు వేసుకుంది. "పద, ఆ కొత్త పిల్లెక్కడుందో చూద్దాం. అరవడానికేం, ఎవరైనా అరుస్తారు. ముందు దానికి చెయ్యి పట్టుకోవడం నేర్పాలి."