పరాయి కుదుళ్లు

లక్ష్మీనారాయణ నెత్తిన చీము పట్టిన చోట ఉన్న వెంట్రుకలు ఆయనవి కావని, భూతద్దం పెట్టగానే డాక్టర్ షాహీన్‌కి తెలిసిపోయింది. చెవుల పక్కన ఉన్నవి సన్నగా, నెరిసి ఉన్నాయి. నుదుటి పైన నాటినవి మాత్రం నల్లగా, మొరటుగా, రింగులు తిరిగి ఉన్నాయి.

నరసరావుపేటలో చర్మవైద్యం చేస్తూ ఆమె చాలా బట్టతలలు చూసింది. ఇంత సిగ్గుమాలిన తలను చూడలేదు. ఈయన దుర్గి దగ్గర మిర్చి ఆసామి. రాబోయే ఎన్నికల్లో ఫ్లెక్సీ మీద కుర్రాడిలా కనపడాలని జుట్టు పెట్టించుకున్నాడు. క్లినిక్కు పేరు చెప్పడు. తన తల వెనక నుంచే తీశారని మాత్రం ఒట్టేశాడు.

ఆమె ఆ తల వంచి వెనక చూసింది. బోలు సూదితో ఒక్కో కుదురూ పెకలించి, ముందువైపు సన్నటి గాట్లు పెట్టి నాటడమే ఈ వైద్యం. వెనక జుట్టు అంత తేలిగ్గా రాలదు గనక అక్కణ్నుంచే తీస్తారు. తీసిన చోటల్లా చుక్క మిగులుతుంది. ఎవరిది వారికే అతుకుతుంది; పరాయి కుదురును ఒళ్లు శత్రువులా తరిమేస్తుంది. ఈయన వెనక ఒక్క చుక్కా లేదు, తీయడానికి సరిపడా జుట్టూ లేదు.

"ఎవరివి ఇవి? అవతలి మనిషికి రక్తంలో జబ్బేదైనా ఉంటే ఈపాటికి మీకూ అంటి ఉంటుంది. ఇద్దరికీ పరీక్ష చేయాలి," అంది.

జబ్బు మాటకు ఆయన దిగొచ్చాడు. కారు దగ్గరున్న డ్రైవర్ ఇశ్రాయేలును పిలిపించాడు. రింగుల జుట్టు మనిషి. వెనక్కి తిప్పి చూస్తే తల కోళ్లు పొడిచినట్టుంది. పోయిన నెల అయ్యగారితో వెళ్లిన క్లినిక్కులో తను కళ్లు తిరిగి పడ్డాడట, ఆ దెబ్బకే కట్టు కట్టారట.

"అయ్యగారే దగ్గరుండి చూసుకున్నారమ్మా," అన్నాడు కృతజ్ఞతగా.

షాహీన్ ఫోను చేతిలోకి తీసుకుంది. "ఇతనికి మీరు చెప్తారా, పోలీసులు చెప్పాలా?"

లక్ష్మీనారాయణ డ్రైవర్ వంక చూడనైనా చూడలేదు.

"నేనే తీయించా డాక్టరమ్మా. ఇన్సూరెన్సు టెస్టని పడుకోబెట్టించి మత్తు సూది ఏయించా. లేచాక కళ్లు తిరిగి పడ్డావని చెప్పించా. నా జుట్టు చాలదన్నాడు ఆ క్లినిక్కోడు. మనోడికి చానా ఉందిగా, తీసుకోమన్నా. అడిగితే కాదనేవోడు కాదు. నా జీతగాణ్ణి నేను అడిగేదేందని అడగలా."