సర్కారు అక్షరం

అక్షరం లావైనంత మాత్రాన మాటకు బలం వస్తుందా అని కాదు, సన్నగా రాసిన మాట ఇన్నేళ్లుగా ఎవరి చెవికీ ఎందుకు ఎక్కలేదన్నదే వీరబాబును తొలుస్తున్న సంగతి. ఎదురుగా రేకు. దాని మీద సుద్దతో అతనే గీసిన సన్నని వరుస: ‘కందకం తవ్వవద్దని మనవి’.

రేకు అవతల, మొలకెత్తిన పోడు చేలో, ఫారెస్టు వాళ్లు పొద్దున పాతిపోయిన బోర్డు: ‘ప్రవేశం నిషేధం’. చేను చుట్టూ కందకం తవ్వడానికి మిషన్ బయలుదేరిందట.

ఆ బోర్డు అక్షరాలు అతనికి తెలుసు. చర్లలో అతను పనిచేసే ఫ్లెక్సీ దుకాణం కంప్యూటర్లోవే. ఒక పక్క దుంగంత బరువు, ఒక పక్క నారంత సన్నం, నెత్తిన కొడవలి మొనలాంటి తలకట్టు. నిషేధాలకూ వేలంపాటలకూ పెద్దమనుషుల చావులకూ అవే. ఊరు వాటిని సర్కారు అక్షరం అంటుంది. చదవదు, లావు చూసి ఆగిపోతుంది. వేసవిలో ఇప్పపువ్వు గంపతో సంతకు బయల్దేరిన జంపక్క, దారికి అడ్డంగా ఆ అక్షరాలు చూసి వెనక్కి తిరిగింది. పువ్వు బూజు పట్టింది. తీరా అది ఒక ఆసామి కూతురి ఓణీల ఫంక్షన్‌కు స్వాగతం. ఊరంతా నవ్వింది. ఆ బ్యానర్ వేసిన వీరబాబుకు మాత్రం నవ్వు రాలేదు.

“గిదేందిరా, జెర్రి కాళ్ల లెక్క?” రేకు మీదికి వంగింది జంపక్క. “ఒక్కో అక్షరం దండం పెడుతున్నట్టుంది.”

“లావుగ రాయి తమ్మీ,” అంది సంఘం నాగలక్ష్మి. “మనవులు ఇచ్చి ఇచ్చి కాళ్లరిగినయ్.”

“లావుగ రాస్తే కేసు పెడతరు,” అన్నాడు ముసలి దూలయ్య. “సర్కారు అక్షరం మనం రాయొచ్చునా?”

“ఆళ్ల తాత చేసిండా అక్షరాన్ని?” అంది నాగలక్ష్మి. “సన్నగ రాస్తే ఇడిసిపెట్టిన్రా? నీ కొడుకును ఏ అక్షరానికి పట్టుకపోయిన్రు, పెద్దయ్యా?”

దూలయ్య బోర్డు దగ్గరికి పోయి తడిమాడు. “నెత్తిమీద గిదేంది, వీరబాబూ?”

“తలకట్టు, పెద్దయ్యా.”

“అక్షరానికి గూడ తలపాగనా! అందుకే గావొచ్చు, దీని ముంగట నా రుమాలు సంకలకొస్తది.”

“ఇగ నెత్తికి చుట్టు మల్ల,” అంది జంపక్క. నవ్వులు లేచాయి.

వీరబాబుకు ఒళ్లు మండింది, ఎవరి మీదో కాదు. దుకాణం యజమాని అతని చేతిరాతను చూడగానే గుర్తుపడతాడు. పని పోతుంది, పోలీసులు పేరు అడుగుతారు. ఆ భయమే సుద్దను సన్నగా గీయించింది. యజమాని ముందు తన గొంతు కూడా ఇంతే సన్నం.

వాగు అవతల మిషన్ చప్పుడు. ఎవరూ చెప్పకుండానే జనం గట్టెక్కి వరుసగా నిలబడ్డారు. దూలయ్య రుమాలు తలకు చుట్టుకుంటున్నాడు.

“జల్దీ, తమ్మీ!” నాగలక్ష్మి కేక.

వీరబాబు అరచేత్తో ‘వద్దని మనవి’ తుడిచేశాడు. ‘కందకం తవ్వ’ మిగిలింది. పక్కన ‘నియ్యం’ అని చేర్చాడు. వెడల్పు కుంచెను ఎర్రరంగులో ముంచి, మొదటి ‘క’ నెత్తిన బరువుగా తలకట్టు పెట్టాడు.